సంతకం ఆవిడది, నిర్ణయం ఎవరిది? సెనేట్ గడప తొక్కని వైట్‌హౌస్ సలహాదారుల గురించి

వర్జీనియా_వలస
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. తప్పు విభాగంలో పెట్టి ఉంటే మోడరేటర్ గారు మార్చగలరు.

2025 మార్చి దాకా నేను ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో పనిచేశాను. ఒక ఫెడరల్ ఆఫీసుకి డేటా పని చేసిపెట్టేవాళ్ళం. మార్చిలో ఒకరోజు పొద్దున్నే టీమ్ కాల్ పెట్టి మా మేనేజర్ ఒక లెటర్ తెర మీద చూపించాడు. ఒకటే పేజీ. 'ప్రభుత్వ సౌలభ్యం కోసం' కాంట్రాక్టు రద్దు అని, కింద కాంట్రాక్టింగ్ ఆఫీసర్ సంతకం. ఆవిడతో మాకు నాలుగేళ్ళ పరిచయం. అంతకు రెండు వారాల ముందే మా పని బాగుందని రేటింగ్ కూడా ఇచ్చింది. మేనేజర్ ఫోన్ చేస్తే ఆవిడ చెప్పింది ఒకటే మాట: "లిస్టు వచ్చింది, సంతకం పెట్టమన్నారు, పెట్టాను." లిస్టు ఎవరు పంపారు అంటే పైనుంచి. పైన ఎవరు అంటే జవాబు లేదు.

నా ఉద్యోగం సంగతి వదిలేయండి, ఇప్పుడు వేరేచోట ఉన్నాను. నా సందేహం ఇది. సెనేట్ ముందు కూర్చోకుండా, ఓటు పడకుండా, 'సలహాదారు' అనే పేరుతో వచ్చినవాళ్ళకి ఇక్కడ ఇంత పెత్తనం ఉండొచ్చా? రాజ్యాంగంలో దీనికి చోటుందా? తెలిసినవాళ్ళు కాస్త ఓపికగా చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

నర్సన్న_నల్గొండ
పార్టీల గొడవ వద్దంటే ఈ ఫోరంలో సగం మంది మ్యూట్ అయిపోతరు అన్నా.

లా_పాయింట్
ముందు మూలం చూద్దాం. అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం, రెండో సెక్షన్. రాయబారులు, సుప్రీంకోర్టు జడ్జిలు, తక్కిన 'ఆఫీసర్ల'ను అధ్యక్షుడు ప్రతిపాదించాలి, సెనేట్ సమ్మతితో నియమించాలి. కిందిస్థాయి ఆఫీసర్ల విషయంలో మాత్రం కాంగ్రెస్ కావాలనుకుంటే ఆ పనిని అధ్యక్షుడికో, కోర్టులకో, శాఖాధిపతులకో అప్పగించవచ్చు. ఇలా సెనేట్ ఓటు దాటాల్సిన పదవులు ఇవాళ 1,200కు పైనే ఉన్నాయి.

మరి 'ఆఫీసర్' అంటే ఎవరు? 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: అమెరికా చట్టాల కింద చెప్పుకోదగ్గ అధికారం చలాయించేవాళ్ళు ఆఫీసర్లు. 2018లో లూసియా కేసులో దాన్నే మళ్ళీ చెబుతూ, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీలో విచారణలు జరిపే జడ్జిలు కూడా ఆ లెక్కలోకే వస్తారని తేల్చింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. వైట్‌హౌస్ సలహాదారుకి చట్టప్రకారం అధికారం ఏమీ లేదు. ఆయన చెబుతాడు, వేరేవాళ్ళు సంతకం పెడతారు. చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి సెనేట్ కూడా అక్కర్లేదు. కాగితం మీద ఇది గట్టి వాదనే. కాగితం బయట ఏం జరుగుతుందో మీ లెటర్‌లోనే ఉంది.

పాత_పేపర్_కట్ట
లా పాయింట్ గారు చట్టం చెప్పారు కాబట్టి నేను మా ఊరు చెబుతాను. ఎన్టీఆర్ 1984లో రద్దు చేసేదాకా మా వైపు ఊళ్ళలో మునసబు, కరణం ఉండేవాళ్ళు. మునసబు ఊరికి పెద్ద, దండోరా ఆయన పేరు మీదే వేసేవాళ్ళు. కానీ ఏ చేను ఎవరిదో, ఎవరికి శిస్తు ఎంతో రాసేది కరణం. రైతు పని పడితే మునసబుకి దండం పెట్టి, కరణం అరుగు మీద కూర్చునేవాడు. వైట్‌హౌస్ లోపలి మనుషులు నాకు ఎప్పుడూ కరణాల్లాగే కనిపిస్తారు.

ఇది ట్రంప్‌తోనో ఒబామాతోనో మొదలైంది కాదు. అధ్యక్షుడు విల్సన్‌కి కర్నల్ హౌస్ అనే మనిషి ఉండేవాడు, ఏ పదవీ లేకుండా యూరప్ రాజధానుల్లో అధ్యక్షుడి తరఫున మాట్లాడి వచ్చేవాడు. 1918లో యుద్ధ పరిశ్రమల బోర్డు నడిపిన బెర్నార్డ్ బరూక్‌ని పత్రికలు 'జార్', అంటే సర్వాధికారి, అన్నాయి. రష్యాలో అసలు జార్ గద్దె దిగింది అంతకు ముందు ఏడాదే! రెండో యుద్ధంలో మలయా జపాన్ చేతికి పోయి రబ్బరు దొరక్కపోతే, 1942లో రైల్వే కంపెనీ పెద్ద విలియం జెఫర్స్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన 'రబ్బరు జార్'. రూజ్‌వెల్ట్ కాలంలో అందరికన్నా గట్టివాడు హ్యారీ హాప్కిన్స్. అంతకుముందు వాణిజ్య మంత్రిగా చేశాడు గానీ 1941లో చర్చిల్ దగ్గరికి, తర్వాత స్టాలిన్ దగ్గరికి వెళ్ళింది మాత్రం అధ్యక్షుడి సొంత మనిషిగానే. 1940 నుంచి మూడేళ్ళకు పైగా కాపురం కూడా వైట్‌హౌస్‌లోనే.

నర్సన్న_నల్గొండ
ఇల్లరికం సలహాదారు అన్నట్టు.

డల్లాస్_బావ
నేను ఇంకో పక్క నుంచి మాట్లాడతాను, తిట్టకండి. అధ్యక్షుడిని దేశమంతా ఓటేసి ఎన్నుకుంది. ఆయన పక్కన ఎవరుండాలో కూడా వందమంది సెనేటర్లు చెప్పాలా? నా ఆఫీసులో నేను నమ్మే మనిషిని పెట్టుకోవడానికి పక్క డిపార్ట్‌మెంట్ పర్మిషన్ అడుగుతానా?

పైగా సెనేట్ ఎంత దివ్యంగా పనిచేస్తోందో చూడండి. 2014లో ఎబోలా వచ్చింది. దేశానికి ప్రజారోగ్య పెద్ద డాక్టరు, అంటే సర్జన్ జనరల్, ఉండాలి కదా? లేడు. వివేక్ మూర్తిని 2013 నవంబరులో ప్రతిపాదిస్తే, తుపాకుల మీద ఆయన అన్న మాటలు నచ్చక ఏడాదికి పైగా తొక్కిపెట్టారు. 2014 డిసెంబరులో గానీ ఓటు పడలేదు, అది కూడా 51-43. ఈలోపు జనం టెన్షన్‌తో చస్తుంటే ఒబామా ఏం చేశాడు? అక్టోబరులో రాన్ క్లెయిన్‌ని పిలిచి ఎబోలా పని అప్పగించాడు. ఆయన డాక్టర్ కూడా కాదు, లాయరు. అందరూ నవ్వారు. కానీ శాఖల్ని ఒక తాటి మీదకు తెచ్చి పని నడిపించాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడానికి సెనేట్ పర్మిషన్ కోసం ఆగాలా?

కాఫీ_కప్పు
బావగారూ, క్లెయిన్ ఉదాహరణ మంచిదే. కానీ ఆయన చేసింది సమన్వయం. ఎవరి ఉద్యోగం తీయలేదు, ఏ ఆఫీసూ మూయలేదు. నాలుగు నెలలు చేసి వెళ్ళిపోయాడు. నన్నడిగితే గీత అక్కడే గీయాలి. శాఖల మధ్య ఫోన్లు కలిపేవాడు వేరు, శాఖ గొంతు పట్టుకునేవాడు వేరు.

సెనేట్ తొక్కిపెట్టడం నిజమే, కాదనను. అయితే దాని రెండో ముఖం కూడా చూడండి. సెనేట్ వద్దన్న మనిషిని సెనేట్ అక్కర్లేని కుర్చీలో కూర్చోబెట్టడం. నీరా టాండన్‌ని బైడెన్ బడ్జెట్ ఆఫీసు డైరెక్టరుగా ప్రతిపాదించాడు. పాత ట్వీట్ల గొడవలో సొంత పార్టీ సెనేటర్ జో మాంచినే ఎదురు తిరిగాడు, 2021 మార్చిలో పేరు వెనక్కి తీసుకున్నారు. మేలో ఆవిడ వైట్‌హౌస్ సీనియర్ సలహాదారు! తర్వాత స్టాఫ్ సెక్రటరీ, అంటే అధ్యక్షుడి బల్ల మీదకి ఏ కాగితం వెళ్ళాలో చూసే మనిషి. 2023లో దేశీయ విధాన మండలి అధిపతి. ఈ మూడింటిలో ఒక్కదానికీ సెనేట్ ఓటు లేదు. ఆవిడ రాకముందు ఆ కుర్చీలో ఉన్న సూసన్ రైస్‌ది కూడా అదే కథ. 2012 డిసెంబరులో విదేశాంగ మంత్రి పదవికి తన పేరు పరిశీలించవద్దని తప్పుకుంది, 2013 జూలైలో జాతీయ భద్రతా సలహాదారు అయింది. దానికీ ఓటు అక్కర్లేదు.

మన భారతీయ మూలాల ఆవిడ అని అప్పట్లో మా వాట్సాప్ గ్రూపుల్లో టాండన్ ఫొటోకి ఒకటే దండాలు, చప్పట్లు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు. వెనక్కి తిరిగి చూస్తే అది పద్ధతైన దారి కాదనిపిస్తోంది.

డల్లాస్_బావ
అంటే టాండన్ తప్పు, హోమన్ తప్పు, అందరూ తప్పేనా?

కాఫీ_కప్పు
హోమన్ పేరు మీరే తెచ్చారు కాబట్టి. 2017లో ఆయన్ని వలస చట్టాలు అమలు చేసే ఏజెన్సీ ఐసీఈ డైరెక్టరు పదవికి ప్రతిపాదించారు, సెనేట్ ఓటు జరగనే లేదు, 2018లో రిటైరయ్యాడు. 2025లో 'బోర్డర్ జార్'గా తిరిగొచ్చాడు. అప్పుడు ఒక ఏజెన్సీ కోసం ఓటు కావలసి వచ్చింది, ఇప్పుడు మొత్తం సరిహద్దు వ్యవహారానికి అక్కర్లేదు. పార్టీ ఏదైనా నా మాట ఒకటే.

ఓపీటీ_టెన్షన్
అన్నలు, అక్కలు, చిన్న డౌట్. నేను మాస్టర్స్ రెండో సెమిస్టర్. 2025 సెప్టెంబరులో హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు కదా, అది సలహాదారులు పెట్టిందేనా? దాని మీద కూడా సెనేట్ ఓటు లేదా?

లా_పాయింట్
తమ్ముడూ, రెండూ కలపకు. అది సెప్టెంబరు 19న అధ్యక్షుడు సంతకం పెట్టిన ప్రకటన. విదేశీయుల రాకను ఆపడానికి వలస చట్టం ఆయనకిచ్చిన అధికారాన్ని వాడుకున్నారు. అది చెల్లుతుందా లేదా అన్నది వేరే కేసు.

అయితే నీ డౌట్‌లో విషయం ఉంది. వలస విధానంలో వైట్‌హౌస్‌లో గట్టిగా వినిపించే గొంతు స్టీఫెన్ మిల్లర్‌ది. పదవి డిప్యూటీ చీఫ్ ఆఫ్ స్టాఫ్. సెనేట్ ఓటు లేదు. వీసాల శాఖ చూసే మంత్రులను కాంగ్రెస్ కమిటీ పిలిచి ఫలానా నిర్ణయం ఎందుకని నిలదీయొచ్చు. సలహాదారును పిలిస్తే 'అధ్యక్షుడికి చెప్పిన మాటలు బయట పెట్టం' అంటారు. వీసా క్యూలో నిలబడ్డవాడికి తేడా అక్కడ తెలుస్తుంది.

2024 డిసెంబరు గొడవ కూడా గుర్తు చేసుకో. చెన్నై నుంచి వచ్చిన శ్రీరామ్ కృష్ణన్‌ని ఏఐ విధాన సలహాదారుగా ప్రకటించగానే ట్రంప్ అభిమానుల్లోనే హెచ్1బీ మీద యుద్ధం మొదలైంది. క్రిస్మస్ వారమంతా అదే. సెనేట్‌లో విచారణ ఉండదు కాబట్టి ఆ మనిషిని నిలదీసే పని ట్విట్టర్ తీసుకుంది. బండబూతులతో.

నర్సన్న_నల్గొండ
మనకాడ గూడ ఇదే కథ గదా. ఆంధ్రల ఎవడు కనపడితే వాడికి కేబినెట్ హోదా, సలహాదారు బోర్డు. ఇంగ మా దిక్కు సంగతి చెప్పాలంటే...

మోడరేటర్
నర్సన్న గారూ, రెండు రాష్ట్రాల సలహాదారులకీ వేరే థ్రెడ్ ఉంది, ఇప్పటికే నలభై పేజీలు దాటింది. అక్కడికి పదండి. ఇక్కడ అమెరికా వరకే.

పాత_పేపర్_కట్ట
మోడరేటర్ గారు క్షమించాలి, ఒక్క మాట చెప్పి మళ్ళీ దారిలోకి వస్తాను. మన రాజ్యాంగంలో ఈ సెనేట్ ఓటు లాంటిది లేనే లేదు. ప్రధాని చెప్పినవాళ్ళు మంత్రులవుతారు, సభలో సభ్యులు కాకపోతే ఆరు నెలల్లో కావాలి, అంతే. అక్కడ కాపలా కాసేది నియామకం ముందు ఓటు కాదు, నియామకం తర్వాత సభలో ప్రశ్న. ఇక్కడ మంత్రులు కాంగ్రెస్‌లో కూర్చోరు. కాబట్టి గుమ్మం దగ్గర ఒకసారి నిలబెట్టి అడగడమే అసలు కాపలా. ఆ గుమ్మం తప్పించి పెరటి దారిన వస్తే ఇక అడిగే చోటే ఉండదు.

1788లో హామిల్టన్ రాసిన వ్యాసాల్లో ఒకటి, ఫెడరలిస్ట్ 76, దీని గురించే. సెనేట్ చూస్తుందన్న భయం ఉంటే అధ్యక్షుడు సొంత ఊరివాళ్ళను, బంధువులను, తన మాటకి తందాన అనేవాళ్ళను తేవడానికి జంకుతాడని ఆయన ఆశ.

నర్సన్న_నల్గొండ
> బంధువులను
మరి అల్లుడు?

లా_పాయింట్
అల్లుడి సంగతి కూడా చట్టంలో ఉందండీ. 1967లో బంధువులను ప్రభుత్వ ఉద్యోగాల్లో పెట్టుకోకూడదని చట్టం చేశారు. 2017 జనవరి 20న, ట్రంప్ ప్రమాణం చేసిన రోజే, న్యాయశాఖ ఒక అభిప్రాయం ఇచ్చింది: ఆ చట్టం వైట్‌హౌస్ సిబ్బందికి వర్తించదు అని. ఆధారం 1978 నాటి ఇంకో చట్టం. వేరే ఏ ఉద్యోగ నిబంధనతోనూ పని లేకుండా వైట్‌హౌస్ సిబ్బందిని అధ్యక్షుడు పెట్టుకోవచ్చని అందులో ఉంది. జేర్డ్ కుష్నర్ వచ్చింది ఆ తలుపు గుండానే.

ఆ తలుపు తెరిచింది కాంగ్రెసే అన్నది మరిచిపోవద్దు. దానికి ముందు 1937లో బ్రౌన్‌లో కమిటీ అధ్యక్షుడికి సాయం కావాలని రిపోర్టు ఇస్తే, 1939లో ఆరుగురు సహాయకులకు అనుమతి ఇచ్చారు. పేరు కోసం పాకులాడని మనుషులుండాలని ఆ కమిటీ కోరింది. ఆరుగురితో మొదలైంది వందలకు చేరింది. పేరు కోసం పాకులాడకపోవడం సంగతి మీరే చూస్తున్నారు.

డల్లాస్_బావ
సరే. కానీ నిక్సన్ దగ్గరున్న కిసింజర్‌ని ఏం చేస్తారు? జాతీయ భద్రతా సలహాదారుకి ఏనాడూ సెనేట్ ఓటు లేదు. ఆయనే కదా చైనా తలుపు తెరిచింది. సెనేట్‌కి చెప్పి వెళ్ళుంటే ఆ పర్యటన జరిగేదా?

పాత_పేపర్_కట్ట
బాగా అడిగారు బావగారూ. ఆ ఏడాది పేపర్లు నా దగ్గర అటక మీద ఇంకా ఉన్నాయి. 1971 జూలై. పాకిస్తాన్‌లో కడుపునొప్పి అని చెప్పి పడుకున్నట్టు నటించి, విమానమెక్కి బీజింగ్ వెళ్ళాడు. విదేశాంగ మంత్రి విలియం రోజర్స్ సెనేట్ ఓటుతో వచ్చినవాడు, ఆయన్ని పక్కన పెట్టారు. మీకు అది గొప్ప దౌత్యం.

అదే ఏడాది అదే గది నుంచి ఇంకొకటి జరిగింది, మనకి అది దగ్గర సంగతి. తూర్పు పాకిస్తాన్‌లో ఊచకోత మొదలైతే, ఢాకాలోని అమెరికన్ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన కింది ఉద్యోగులు కలిసి తమ ప్రభుత్వం మౌనంగా ఉండటం తప్పు అని ఏప్రిల్‌లో టెలిగ్రామ్ పంపారు. విదేశాంగ శాఖ మనుషులు వాళ్ళు, క్షేత్రంలో కళ్ళతో చూసినవాళ్ళు. పట్టించుకోలేదు, బ్లడ్‌ని అక్కడి నుంచి తప్పించారు. చైనాకి దారి చూపే పాకిస్తాన్‌ని నొప్పించకూడదని లోపల ఇద్దరు ముగ్గురు తేల్చుకున్నారు. డిసెంబరుకి ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. అది విశాఖ మీదకి వస్తుందని మా వీధిలో రాత్రి దీపాలు ఆర్పేసిన రోజులు నాకు గుర్తే, నాకు పదకొండేళ్ళు.

సెనేట్ ముందు కూర్చుని ఉంటే మనసు మార్చుకునేవాడని నేననను. 1973లో విదేశాంగ మంత్రి పదవికి 78-7 ఓట్లతో ఆమోదించారు మరి. కానీ అప్పటిదాకా ఎవరూ నేరుగా ఆయన్ని ప్రమాణం చేయించి అడగలేకపోయారు.

ఓపీటీ_టెన్షన్
మాష్టారూ 🙏 కడుపునొప్పి సంగతి నిజమా? మా అటెండెన్స్ కన్నా దారుణం.

వర్జీనియా_వలస
అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. నా ప్రశ్నకి దగ్గరైన కేసు మస్క్‌దే కదా. కోర్టులు ఏమన్నాయో ఎవరైనా చెప్తారా? వార్తల్లో ఒకరోజు ఒకలా, ఒకరోజు ఒకలా ఉంటుంది.

కాఫీ_కప్పు
నేను దగ్గరగా ఫాలో అయ్యాను, క్రమంలో చెప్తాను.

2025 జనవరి 20న ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌తో డోజ్ అనే ప్రభుత్వ ఖర్చు తగ్గింపు విభాగం పెట్టారు. కొత్త సంస్థ కాదు, అప్పటికే ఉన్న డిజిటల్ సర్వీస్‌కి పేరు మార్చారు. ఊరంతా మస్క్ దాని అధిపతి అనుకుంది. ఫిబ్రవరి 17న వైట్‌హౌస్ కోర్టుకి ప్రమాణపత్రం ఇచ్చింది: మస్క్ అధ్యక్షుడికి సీనియర్ సలహాదారు మాత్రమే, డోజ్ అధిపతి కాదు, డోజ్ ఉద్యోగి కూడా కాదు, సొంతంగా ప్రభుత్వ నిర్ణయం తీసుకునే అధికారం ఆయనకి లేదు అని. మరి అధిపతి ఎవరు? వారానికి పైగా అడగ్గా ఫిబ్రవరి 25న ఏమీ గ్లీసన్ పేరు చెప్పారు. మధ్యలో, 22న, దేశంలోని ఫెడరల్ ఉద్యోగులందరికీ 'గతవారం చేసిన ఐదు పనులు రాయండి' అనే మెయిల్ వచ్చింది. జవాబివ్వకపోతే రాజీనామా ఇచ్చినట్టే అని మస్క్ ట్వీట్ చేశాడు. కొన్ని శాఖల అధిపతులు, ఓటుతో వచ్చినవాళ్ళు, మీరు జవాబివ్వొద్దని తమ ఉద్యోగులకు చెప్పుకోవాల్సి వచ్చింది. మార్చి 4న కాంగ్రెస్ ఉభయసభల ముందు ట్రంపే డోజ్‌కి అధిపతి మస్క్ అన్నాడు. ఆ మాట మర్నాటికే కేసుల కాగితాల్లోకి ఎక్కింది.

మార్చి 18న మేరీల్యాండ్‌లో జడ్జి చువాంగ్, విదేశాలకు సాయం చేసే సంస్థ యూఎస్ఎయిడ్ మూసివేత కేసులో, మస్క్ ఆఫీసరులాగే ప్రవర్తించాడు, సెనేట్ సమ్మతి కోరే రాజ్యాంగ నియామక నిబంధనని ఉల్లంఘించినట్టే కనిపిస్తోందని ఉత్తర్వు ఇచ్చారు. పది రోజులకే అప్పీలు కోర్టు దాన్ని నిలిపేసింది. ప్రభావం ఎంత ఉన్నా, చట్టం ప్రకారం నిర్ణయం తీసుకున్నది అధికారులే అన్నట్టుంది అన్న ధోరణి. మే 27న వాషింగ్టన్‌లో జడ్జి చట్కన్, రాష్ట్రాలు వేసిన ఇంకో కేసులో, దీన్ని కొట్టేయడానికి లేదు, ముందుకి నడవాలి అన్నారు. ఆ వారంలోనే మస్క్ వెళ్ళిపోయాడు. ఆయన్ని పెట్టుకున్నది 'ప్రత్యేక ప్రభుత్వ ఉద్యోగి' కేటగిరీలో, ఏడాదిలో 130 రోజులకు మించకూడదు. జనవరి 20 నుంచి మే 30కి వేళ్ళ మీద లెక్కేసి చూడండి.

డల్లాస్_బావ
అప్పీలు కోర్టు చెప్పింది సబబే కదా. మంత్రి సంతకం పెట్టాడంటే బాధ్యత మంత్రిది. సలహా విని సంతకం పెట్టినవాడు పసిపిల్లాడా?

లా_పాయింట్
చట్టం ఆ మాటే అంటుంది బావగారూ, నేనూ కోర్టులో అయితే అదే వాదిస్తాను. కానీ 'సలహా' అనే మాటకి ఒక అర్థం ఉండాలి. వినకపోయినా కుర్చీ నిలిచేది సలహా. వినకపోతే మర్నాడు గేటు దగ్గర బ్యాడ్జ్ పనిచేయదు అంటే అది ఆజ్ఞ. ఈ తేడాని కాగితం మీద పట్టుకోవడం కోర్టులకి కష్టం, కోర్టు చూసేది కాగితాన్నే. అందుకే ఈ కేసుల్లో మెయిళ్ళు, చాట్‌లు బయట పెట్టాలా వద్దా అన్న దగ్గరే అంత పోట్లాట.

కాఫీ_కప్పు
కోర్టుల మీద నాకు అంత ఆశ లేదు. దీనికి మందు వేసింది ప్రతిసారీ కాంగ్రెసే. 1988లో డ్రగ్స్ మీద జాతీయ ఆఫీసుని చట్టంతో పెట్టి, దాని డైరెక్టరుకి సెనేట్ ఓటు తప్పనిసరి చేసింది. జనం 'డ్రగ్ జార్' అంటారు గానీ ఆయన పద్ధతిగా వచ్చిన అధికారి.

దానికన్నా నాకు నచ్చేది టామ్ రిడ్జ్ కథ. 2001 సెప్టెంబరు 11 తర్వాత నెల తిరక్కుండా బుష్ ఆయన్ని తెచ్చి వైట్‌హౌస్‌లో స్వదేశ భద్రత సలహాదారుగా కూర్చోబెట్టాడు. 2002లో ఆ పద్దు కింద దాదాపు 3,800 కోట్ల డాలర్లు అడిగారు. డబ్బులిచ్చే కమిటీకి అధ్యక్షుడు రాబర్ట్ బర్డ్, వెస్ట్ వర్జీనియా డెమొక్రాట్. రిడ్జ్‌ని వచ్చి లెక్క చెప్పమన్నాడు. రానన్నాడు, నేను సలహాదారుని కదా అని. కమిటీలో రిపబ్లికన్ల పెద్ద టెడ్ స్టీవెన్స్ కూడా బర్డ్ పక్కనే నిలబడ్డాడు. కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం, విచారణ మాత్రం వద్దు అన్న ధోరణిలో వైట్‌హౌస్ బేరాలాడింది. బర్డ్ వదల్లేదు. ఆ ఏడాది నవంబరుకి స్వదేశ భద్రతా శాఖే చట్టంగా వచ్చింది. 2003 జనవరిలో అదే రిడ్జ్ సెనేట్ ముందుకొచ్చాడు. ఓట్లు 94-0. ఇంతకీ భయపడిందెందుకో!

అదే బర్డ్ 2009 ఫిబ్రవరిలో ఒబామాకి ఉత్తరం రాశాడు. సొంత పార్టీ అధ్యక్షుడు, గద్దెనెక్కి నెల దాటిందంతే, తనకి తొంభై ఒక్క ఏళ్ళు. నీ వైట్‌హౌస్ జార్లు రాజ్యాంగపు తూకాన్ని పాడుచేస్తారని హెచ్చరించాడు. నాకు ఇష్టమైన రాజకీయ నాయకుడేం కాదు, ఆయన కుర్రతనపు చరిత్ర నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి పార్టీ అని చూడలేదు.

పాత_పేపర్_కట్ట
2009 గొడవలో మిగతావాళ్ళ సంగతి కూడా చూడండి. ఒబామాకి హరిత ఉద్యోగాల సలహాదారైన వాన్ జోన్స్ పాత మాటలు బయటికొచ్చి సెప్టెంబరులో రాజీనామా చేశాడు. ఒక్క రోజు విచారణ ఉండుంటే ఆ మాటలు వాకిట్లోనే తేలిపోయేవి. 'జీతాల జార్' కెన్నెత్ ఫైన్‌బర్గ్ అయితే ప్రభుత్వ సాయం తీసుకున్న ఏడు కంపెనీల్లో పైనున్న పాతికమంది జీతాలు తేల్చాడు. జీతం తగ్గించడం సలహా అంటే నాకు నవ్వొచ్చింది.

2011 ఏప్రిల్‌లో కాంగ్రెస్ బడ్జెట్ బిల్లులో నాలుగు జార్ పదవులకి పైసా ఇవ్వొద్దని రాసింది. ఒబామా బిల్లు మీద సంతకం పెట్టి, పక్కనే నోటు రాశాడు, నా సలహాదారులు నా ఇష్టం అన్న అర్థం వచ్చేలా. అప్పుడు ఆ నోటు చూసి గోల చేసినవాళ్ళు 2025లో ఎక్కడున్నారో, అప్పుడు సమర్థించినవాళ్ళు ఎక్కడున్నారో చూస్తే నాకు వినోదం.

నర్సన్న_నల్గొండ
కుర్చీల ఆట మాష్టారూ. పాట ఆగినప్పుడల్లా సీట్లు మారుస్తరు, పాట మాత్రం అదే.

డల్లాస్_బావ
ఒప్పుకుంటాను, 2009లో నేను కూడా జార్లు వద్దనే బ్యాచ్. ఇక్కడ పాత పోస్టులు ఎవరూ తవ్వకండి ప్లీజ్.

నర్సన్న_నల్గొండ
లింకు పెట్టాల్నా?

ఓపీటీ_టెన్షన్
😂😂

వర్జీనియా_వలస
నిన్న రాత్రి ఇదంతా మళ్ళీ మొదటి నుంచి చదివాను. లా పాయింట్ గారు చెప్పినట్టు, ఆజ్ఞా సలహానా అన్నది ఆ సంతకం పెట్టినావిడకే తెలియాలి. కాబట్టి ఆవిడనే అడుగుదామని పొద్దున్న పాత నంబరుకి చేశాను. ఎవరో కుర్రాడు ఎత్తాడు. ఆవిడ రాజీనామా పథకం తీసుకుని సెప్టెంబరు ఆఖరుకి వెళ్ళిపోయిందట. ఆ ఫైలు ఇప్పుడు ఎవరు చూస్తున్నారు అని అడిగితే, ఏ ఫైలు సార్ అన్నాడు. కాంట్రాక్టు నంబరు చెప్పాను. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. సిస్టమ్‌లో ఆవిడ పేరే ఉంది సార్, అన్నాడు.